ఒక సార్టీ డేటా నుంచి రెక్క ఆయుష్షు లెక్క దాకా: నా అనుభవం

యుద్ధ విమానం దిగి, ఇంజన్ ఆగాక, గ్రౌండ్ సిబ్బందిలో ఒకరు డేటా కార్ట్రిడ్జ్ (ఎగిరినంతసేపూ కొలతలు నమోదైన మెమరీ పెట్టె) తీసి తెస్తారు. నా పని అక్కడ మొదలవుతుంది. ఈ ఒక్క సార్టీలో, అంటే ఎగిరి దిగిన ఒక్క విడతలో, రెక్క మూలం ఎంత ఆయుష్షు ఖర్చుచేసింది, వెనక తోక ఎంత, ఇంజన్‌లోని ఒక్కో డిస్క్ (బ్లేడ్లు బిగించి తిరిగే పళ్లెం) ఎంత అన్నది తేల్చి ఆ విమానం పద్దులో రాయాలి. నష్టం కట్టే సూత్రాలు ఒక పూటలో వచ్చేస్తాయి. ఏ శాంపిల్‌ని నమ్మాలో, దేన్ని కొట్టేయాలో, అసలు రాని డేటాకి ఏం రాయాలో తెలియడానికే ఏళ్లు పడతాయి. అందుకే ఇక్కడ సూత్రాల కంటే వాటి ముందూ వెనకా జరిగేదే ఎక్కువ చెబుతాను.

ముందే ఒక గందరగోళం తీర్చాలి. ప్రమాదం జరిగితే వెతికే నారింజ రంగు పెట్టె వేరు, మా కార్ట్రిడ్జ్ వేరు. ఆ పెట్టె లోపలి మెమరీ 3400 జీ (ఒక జీ అంటే భూమి ఆకర్షణ అంత బలం) తాకిడిని, 1100 డిగ్రీల మంటని గంటసేపు తట్టుకునేలా కడతారు. పాత డేటా మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. మా కార్ట్రిడ్జ్‌కి అంత కవచం అక్కర్లేదు, రోజూ తీసి పెట్టడానికి వీలుంటే చాలు. చాలా విమానాల్లో రెండింటికీ డేటా ఇచ్చేది ఒకే యూనిట్ కాబట్టి, సెన్సార్ చెడితే రెండూ ఒకే అబద్ధం చెబుతాయి.

గంటలు లెక్కపెడితే సరిపోదా అని కొత్తగా వచ్చినవాళ్లందరూ అడుగుతారు. వెయ్యి గంటలు ఎగిరిన రెండు విమానాలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఒకటి ఎక్కువగా నేవిగేషన్ శిక్షణకి, దూర ప్రయాణాలకి వాడింది. రెండోది గగనతల పోరాట శిక్షణకి. గంటల పద్దులో రెండూ సమానమే, లోహానికి మాత్రం కాదు. బ్రిటన్‌లో 1950ల్లోనే ఫెటీగ్ (లోహపు అలసట) మీటర్ అని ఒక పెట్టె పెట్టారు. విమానం గరిమనాభి దగ్గర కూర్చుని, నిలువు జీ ఏ గీతని ఎన్నిసార్లు దాటిందో చక్రాల మీది అంకెల్లో చూపేది. అంకెలు చూసి కాగితం మీద ఎక్కించుకునేవారు. అందులో ఏ జీ తర్వాత ఏ జీ వచ్చిందన్న వరుస ఉండదు, అప్పటికి విమానం బరువెంతో ఉండదు. ఆ రెండు లోటుల్నీ తీర్చింది ఇప్పటి రికార్డర్లు.

బిట్లు విప్పడం

విమానాల్లో వాడే రికార్డింగ్ వరుసల్లో ఒకటి ఆరింక్-717. నాలుగు సెకన్లకి ఒక ఫ్రేమ్, అందులో సెకనుకొకటి చొప్పున నాలుగు సబ్‌ఫ్రేమ్‌లు, ఒక్కో పదం 12 బిట్లు. ప్రతి సబ్‌ఫ్రేమ్ మొదటి పదం ఒక గుర్తు: అష్టాంశ పద్ధతిలో రాస్తే వరసగా 1107, 2670, 5107, 6670. ఈ గుర్తులు పట్టుకుంటేనే మిగతా పదాల్లో ఏది జీ, ఏది ఇంధనం అన్నది తెలుస్తుంది. ఒక్క బిట్ జారితే తర్వాతి గుర్తు దాకా వచ్చేదంతా చెత్తే.

గుర్తు కనిపించగానే నమ్మేయకూడదు. 12 బిట్లలో 4096 రకాల విలువలుంటాయి కాబట్టి ఏ మామూలు పదమైనా యాదృచ్ఛికంగా గుర్తులాగే కనిపించవచ్చు. సెకనుకు 256 పదాల రికార్డులో, విలువలు చిందరవందరగా ఉంటే, ఒక్కో గుర్తుకి దాదాపు ప్రతి 16 సెకన్లకోసారి, నాలుగూ కలిపితే ప్రతి 4 సెకన్లకోసారి, ఒక దొంగ గుర్తు తగులుతుంది. అందుకే ఒక గుర్తు దొరికాక సరిగ్గా 256 పదాల తర్వాత దాని తర్వాతి గుర్తు వస్తేనే మా ప్రోగ్రాం ఆ సబ్‌ఫ్రేమ్‌ని తీసుకుంటుంది.

తర్వాత ముడి అంకెని భౌతిక విలువగా మార్చాలి. నిలువు జీ రేంజ్ మైనస్ 16 నుంచి ప్లస్ 16 దాకా అనుకుంటే 32 జీ ని 4096 మెట్లుగా కోస్తాం, ఒక్కో మెట్టు 0.0078 జీ. ఇక్కడ జరిగే పెద్ద తప్పులు నన్ను భయపెట్టవు. ప్లస్సా మైనస్సా చెప్పే బిట్‌ని తప్పుగా చదివితే మైనస్ 0.5 కాస్తా 31.5 జీ అవుతుంది, గుడ్డివాడికైనా కనిపిస్తుంది. భయపెట్టేవి చిన్న తప్పులు. విమానం సాఫ్ట్‌వేర్ మారాక ఒక పదం స్థానం జరిగింది, మా మార్పిడి ఫైల్ మాత్రం పాతదే. పక్క పదంలో దాదాపు అదే తరహా సిగ్నల్ ఉంటే గ్రాఫ్ చూడటానికి బాగానే ఉంటుంది, లెక్క మొత్తం తప్పు. అందుకని ప్రతి ఫైల్ తెరవగానే మొదట చూసేది ఒకటే: చదునైన నేల మీద, ఇంజన్ నడుస్తూ, కదలకుండా ఉన్న నిమిషంలో నిలువు జీ 1.00 కి అటూ ఇటూ 0.05 లోపల ఉందా? దిగాక ఆగిన నిమిషంలోనూ అంతే ఉందా? మొదట సరిగ్గా ఉండి చివర్లో 1.12 చూపిస్తే సెన్సార్ జారుతోందని అర్థం. ఆ సార్టీని పక్కన పెడతాను.

శుభ్రం చేయడం

అసలు పని ఇదే. ఒక సార్టీని బాగా కుదించి, జీ మలుపులు మాత్రమే తీసి రాస్తే ఇలా ఉందనుకోండి: 1, 4, 2, 6.5, 0.5, 5, 1. ఇందులో ఎన్ని చక్రాలు, అంటే ఎన్ని ఎక్కి దిగుళ్లు, ఎంతెంత పరిమాణంలో ఉన్నాయో తేల్చడానికి దీని మీద రెయిన్‌ఫ్లో లెక్క వేస్తాం. 1968లో ఎండో, మత్సుయిషి అనే జపాన్ ఇంజనీర్లు ఇచ్చిన పద్ధతి ఇది. గొడుగుల్లాంటి పగోడా కప్పుల మీద నుంచి వాన నీరు జారినట్టు ఊహించారు గనక ఆ పేరు. నాలుగు బిందువుల పద్ధతిలో చేస్తే తేలిక: వరసగా నాలుగు మలుపులు తీసుకో, మధ్య అంతరం రెండు పక్కల అంతరాలనూ మించకపోతే ఆ మధ్య జంట ఒక పూర్తి చక్రం, దాన్ని తీసేసి ముందుకు పో.

1, 4, 2, 6.5 లో మధ్య అంతరం 2, పక్కలవి 3, 4.5. కాబట్టి 4-2 జంట ఒక చక్రం, పరిమాణం 2. మిగిలింది 1, 6.5, 0.5, 5, 1. ఇందులో ఇక ఏదీ మూసుకోదు. వరుసని పెద్ద శిఖరం దగ్గర నుంచి మొదలయ్యేలా తిప్పితే 6.5, 0.5, 5, 1, 6.5 వస్తుంది. అందులో 5-1 మూసుకుంటుంది, పరిమాణం 4. చివరికి 6.5-0.5, పరిమాణం 6. మొత్తం మూడు చక్రాలు: 2, 4, 6.

నష్టం ఒత్తిడికి ఎన్నో ఘాతంలో పెరుగుతుందన్నది లోహాన్ని, జాయింట్‌ని బట్టి మారుతుంది. ఇక్కడ 5 అనుకుందాం. అప్పుడు 2 కి 32, 4 కి 1024, 6 కి 7776, కూడితే 8832. ఒక్క పెద్ద చక్రమే 88 శాతం తినేసింది. అర జీ అంతటి చిన్న చక్రాలు వెయ్యి ఉన్నా పెద్దగా పట్టించుకోం, పెద్దది ఒక్కటి తప్పైతే లెక్కంతా తప్పు. సగటు ఒత్తిడి ప్రభావాన్ని ఈ ఉదాహరణలో వదిలేశాను, అసలు లెక్కలో అదీ ఉంటుంది.

ఇప్పుడు అదే సార్టీ చివర్లో, సాఫీగా ఎగురుతున్నప్పుడు, కనెక్టర్ ఒక్కసారి అదిరి ఒక్కటంటే ఒక్క శాంపిల్ 9.5 అని నమోదైందనుకోండి. మళ్లీ లెక్క వేస్తే చక్రాలు 2, 5.5, 4, 9 గా మారతాయి. నష్టం 65 వేలు దాటుతుంది, అసలు దానికి ఏడు రెట్లకు పైన. సెకనులో పదహారో వంతు సేపు ఉన్న ఒక దొంగ అంకె ఏడెనిమిది సార్టీల ఆయుష్షు మింగేసిందన్న మాట.

ఫిల్టర్ వేసి నునుపు చేస్తే పోదా? పోతుంది, నిజమైన శిఖరాలు కూడా దానితో పోతాయి. నేను ఫిల్టర్లని నమ్మను, ఒక సిగ్నల్‌కి ఇంకో సిగ్నల్ చేత సాక్ష్యం చెప్పిస్తాను. ముక్కు పైకెత్తే వేగం, విమాన వేగం తెలిస్తే జీ సుమారుగా ఎంత ఉండాలో వస్తుంది: ముక్కు తిరిగే వేగాన్ని విమాన వేగంతో గుణించి, 9.81 తో భాగించి, ఒకటి కలపాలి. సెకనుకు 200 మీటర్ల వేగంలో ముక్కు సెకనుకు 12 డిగ్రీలు లేస్తుంటే, అంటే 0.209 రేడియన్లు, 4.3 వస్తుంది, ఒకటి కలిపితే 5.3 జీ. రికార్డులో 9.5 అని ఉండి అదే క్షణంలో ముక్కు వేగం సున్నా దగ్గర ఉంటే అది అబద్ధం. ముక్కు వేగం లేచింది, కంట్రోల్ స్టిక్ వెనక్కి వచ్చింది, దాడి కోణం (ఎదురొచ్చే గాలికీ రెక్కకీ మధ్య కోణం) పెరిగింది, అయినా జీ లేవలేదంటే అప్పుడు జీ సెన్సారే నిద్రపోతోంది. ఈ రెండో రకం తప్పు ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే ఎవరూ ఫిర్యాదు చేయరు.

శాంపిల్ వేగం సంగతి ఇక్కడే చెప్పాలి. పైలట్ గట్టిగా లాగితే జీ సెకనుకు 6 చొప్పున లేవవచ్చు. సెకనుకు 8 శాంపిల్స్ అంటే రెంటి మధ్య 0.125 సెకను. శిఖరం సరిగ్గా రెంటి నడుమ పడితే 0.375 జీ దాకా చూడకుండా పోతాం. 6.5 కి బదులు 6.125 నమోదైతే, ఐదో ఘాతంలో నష్టం దాదాపు పావు వంతు తక్కువ తేలుతుంది. సెకనుకు 32 సార్లు తీస్తే ఆ లోటు 0.1 జీ లోపలికి వస్తుంది. ఎత్తు, ఇంధనం, బయటి ఉష్ణోగ్రతలకి మాత్రం సెకనుకొకసారి సరిపోతుంది. మెమరీ మిగుల్చుకోవాలంటే వాటి దగ్గర మిగుల్చుకోవాలి, జీ దగ్గర కాదు.

బరువు లేని జీ అర్థం లేనిది

రెక్క మూలం దగ్గర వంచే బలం జీ వల్ల మాత్రమే రాదు, జీని ఆ క్షణపు బరువుతో గుణిస్తే వస్తుంది. 12,000 కిలోల మీద 5 జీ, 9,000 కిలోల మీద 5 జీ ఒకటి కావు. రెండోది మొదటిదాంట్లో ముప్పావు. ఐదో ఘాతంలో చూస్తే నష్టం నాలుగో వంతుకంటే తక్కువ. అందుకని ఇంధనం లెక్క తప్పితే జీ ఎంత బాగా కొలిచినా వృథా.

చిక్కేమిటంటే, విమానం గిరికీలు కొట్టేటప్పుడు ట్యాంకుల్లో ఇంధనం ఒక పక్కకి చేరి గేజ్ ఇష్టం వచ్చినట్టు చూపిస్తుంది. సరిగ్గా మనకి కావలసిన క్షణాల్లోనే అది పనికిరాదు. అందుకే గేజ్‌ని నేరుగా వాడం. సాఫీగా, 1 జీ దగ్గర ఎగిరే వేళల్లో గేజ్ విలువని పట్టుకుని, అక్కణ్నుంచి ఇంధన ప్రవాహ వేగాన్ని కూడుతూ తీసివేస్తూ పోతాం. తర్వాతి సాఫీ వేళలో రెండూ కలవాలి. కలవకపోతే ప్రవాహ మీటరో, గేజో చెడింది.

రెక్కల్లో ఉన్న ఇంధనం రెక్కని కిందికి లాగి వంపుని తగ్గిస్తుంది, అదే ఇంధనం బాడీలో ఉంటే వంపుని పెంచుతుంది. ఏ ట్యాంకు ముందు ఖాళీ అవుతుందో తెలియకుండా మొత్తం బరువు ఒక్కటి వేసుకుంటే తప్పు వస్తుంది. రెక్కల కింద ఏం తగిలించారన్నది ఇంకో తలనొప్పి. ఆయుధాల కంప్యూటర్ నుంచి వచ్చే సమాచారం నమ్మదగ్గది. చేత్తో రాసే ఫారం మీద నిన్నటి కాన్ఫిగరేషన్ కాపీ అవుతుంది. సార్టీ మొదట్లో టేకాఫ్ దూరం, ఎక్కే వేగం చూస్తే విమానం బరువుగా ఉందో తేలికగా ఉందో కొంత తెలిసిపోతుంది. ఫారానికీ దానికీ పొంతన లేకపోతే ఫోన్ చేసి అడగడమే.

స్ట్రెయిన్ గేజ్‌లు

జీ నుంచి ఒత్తిడి ఊహించడం కంటే ఒత్తిడినే కొలవచ్చు కదా అనిపిస్తుంది. రెక్క మూలం, తోక మూలం, బాడీ లోపలి పెద్ద బల్క్‌హెడ్‌ల (అడ్డు గోడల) మీద స్ట్రెయిన్ గేజ్‌లు, అంటే లోహం సాగుడుని కొలిచే సన్నని పట్టీలు, అతికించి, బ్రిడ్జిగా కలుపుతారు. 350 ఓమ్‌ల గేజ్, గేజ్ ఫ్యాక్టర్ (సాగుడుకి ఎన్ని రెట్లు నిరోధం మారుతుందో) 2 అనుకుంటే, 1000 మైక్రోస్ట్రెయిన్‌కి, అంటే పొడవులో వెయ్యో వంతు సాగితే, నిరోధం మారేది 0.7 ఓమ్. అల్యూమినియంలో అది సుమారు 70 మెగాపాస్కల్. అంత చిన్న మార్పుని పదేళ్లపాటు వేడిలో, తేమలో, అదురులో కొలవాలి. జిగురు ముసలిదవుతుంది, కనెక్టర్‌లోకి తేమ చేరుతుంది, మరమ్మతులో ఎవరో మోకాలు ఆనిస్తారు.

సున్నా జారితే అంత బాధ లేదు, రెయిన్‌ఫ్లోకి కావలసింది అంతరాలు. వాలు మారితే ప్రమాదం. పాడైన గేజ్ తీసి కొత్తది కొద్ది మిల్లీమీటర్లు పక్కకి అతికిస్తే, అదే బలానికి 10 శాతం ఎక్కువ చూపించవచ్చు. 1.1 ఐదో ఘాతం 1.61. అంటే గేజ్ మార్చిన రోజు నుంచి విమానం 61 శాతం వేగంగా అలసిపోతున్నట్టు పద్దు చెబుతుంది, నిజంలో ఏమీ మారలేదు.

దీనికి మందు ఎగురుతూ కాలిబ్రేట్ చేసుకోవడమే. ప్రతి సార్టీలో ఒక నియమిత మాక్ (ధ్వని వేగంతో పోల్చిన వేగం), ఎత్తు పరిధిలో, రోల్ లేకుండా స్థిరంగా లాగిన క్షణాలు ఏరి, జీ-బరువు లబ్ధం ఒక అక్షం మీద, స్ట్రెయిన్ ఇంకో అక్షం మీద వేస్తాను. ఇరవై ముప్పై బిందువులు చేరితే గీత తేలుతుంది. ఆ గీత వాలు పాత దానికి 5 శాతం మించి తేడా వస్తే గేజ్ మీద అనుమానం, మెల్లగా నెలల తరబడి తగ్గుతుంటే జిగురు మీద అనుమానం. కొత్త గేజ్ వేసిన విమానానికి ఈ గీత తేలేదాకా స్ట్రెయిన్ లెక్క రాయను, జీ లెక్కే రాస్తాను.

జీ చూపలేనివి కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. జంట తోకల విమానాల్లో, దాడి కోణం బాగా పెరిగినప్పుడు, రెక్క ముందు భాగం నుంచి లేచే సుడిగాలులు పగిలి నిలువు తోకల్ని చెదరగొట్టినట్టు కొడతాయి. ఎఫ్/ఎ-18 కి ఇదే సమస్య వచ్చి, రెక్క ముందరి పొడిగింపుల మీద చిన్న కంచెలు నిలబెట్టాల్సి వచ్చింది. గరిమనాభి దగ్గరున్న జీ మీటర్‌కి ఆ కొట్టుడు తెలియదు. తోక ఊగేది సెకనుకు పదుల సార్లు కాబట్టి దాన్ని నేరుగా కొలవాలంటే వందల శాంపిల్స్ కావాలి. అంత మెమరీ లేని చోట దాడి కోణం, విమాన వేగం వల్ల పుట్టే గాలి పీడనం ఏ జంట గడిలో ఎన్ని సెకన్లు గడిచిందో ఒక పట్టిక కట్టి, గడికింత నష్టం అని వేసుకుంటాం. ముతక లెక్కే, కానీ ఏమీ లేకపోవడం కంటే చాలా మేలు.

ఇంజన్ వైపు

ఇంజన్‌కి జీ ముఖ్యం కాదు, థ్రాటిల్ కదలికలు ముఖ్యం. తిరిగే డిస్క్‌లో ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. సున్నా నుంచి 100 శాతం వేగానికి వెళ్లి మళ్లీ సున్నాకి వస్తే ఒక పూర్తి చక్రం. 60 నుంచి 100 కి వెళ్లి 60 కి వస్తే ఒత్తిడి అంతరం 1 లోంచి 0.36 తీస్తే మిగిలే 0.64. ఐదో ఘాతంలో 0.107, అంటే ఇలాంటివి తొమ్మిది పది కలిస్తే ఒక పూర్తి చక్రం. 80 నుంచి 100 కి అయితే 165 కలవాలి. వేడి డిస్క్‌ల్లో అంచుకీ మధ్యకీ ఉష్ణోగ్రత తేడా వల్ల వచ్చే ఒత్తిడి కూడా కలుస్తుంది కాబట్టి ఈ నిష్పత్తులు మారతాయి. ఎఫ్-100 ఇంజన్ లెక్కలో ఐడిల్ (ఊరికే నడిచే తక్కువ వేగం) నుంచి గరిష్ఠానికి వెళ్లి వస్తే పావు వంతు, క్రూజ్ (మామూలు ప్రయాణ వేగం) నుంచి వెళ్లి వస్తే నలభయ్యో వంతు వేస్తారు.

థ్రాటిల్ చెయ్యి ఎంత తేడా తెస్తుందో బ్రిటన్ ఏరోబాటిక్ జట్టు రెడ్ యారోస్‌లో బాగా బయటపడింది. ఇంజన్ వాడకం రికార్డర్లు పెట్టి చూస్తే, ముందు నడిపించే విమానం కంటే వెనక అంచుల్లో ఎగిరేవాటి ఇంజన్లు చాలా వేగంగా చక్రాలు ఖర్చుచేస్తున్నాయి. ముందున్నవాడు స్థిరంగా పోతాడు, వెనకున్నవాడు వరస కుదుర్చుకోవడానికి థ్రాటిల్‌ని ముందుకీ వెనక్కీ ఆడిస్తూనే ఉంటాడు. గంటలు అందరివీ ఒకటే.

టర్బైన్ బ్లేడ్‌ది వేరే జబ్బు. వేడిలో, లాగుడులో, కాలంతోపాటు మెల్లగా సాగుతుంది. దీన్ని లార్సన్-మిల్లర్ లెక్కతో చూస్తాం: గంటల లాగరిథానికి 20 కలిపి, దాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణిస్తే వచ్చేది స్థిరం. 1200 కెల్విన్ దగ్గర 1000 గంటలు నిలిచే బ్లేడ్, 1215 దగ్గర 520 గంటలే నిలుస్తుంది. పదిహేను డిగ్రీలకి ఆయుష్షు సగం. కాబట్టి ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ వలయంలో ఒకటి రెండు తెగి, సగటు పది డిగ్రీలు తక్కువ చూపిస్తే, అది ఇంజన్‌కి మంచిరోజులు కాదు. కంట్రోల్ యూనిట్ ఆ తప్పుడు సగటుని నమ్మి ఇంజన్‌ని ఇంకా వేడిగా నడపవచ్చు కూడా.

ఆరోగ్యం చూసే గ్రాఫ్‌ల్లో మాత్రం ఉష్ణోగ్రతని ఉన్నదున్నట్టు వేయకూడదు. బయట 30 డిగ్రీలున్న రోజు ఎగ్జాస్ట్ 650 డిగ్రీలు చూపించిందనుకోండి. 303.15 ని 288.15 తో భాగిస్తే 1.052. ఎగ్జాస్ట్‌ని కెల్విన్‌లోకి మార్చి దాంతో భాగిస్తే 877 కెల్విన్, అంటే 604 డిగ్రీలు. 46 డిగ్రీల తేడా ఎండది, ఇంజన్‌ది కాదు. వేగాన్ని కూడా ఇదే 1.052 వర్గమూలంతో సరిచేయాలి: 98 శాతం కాస్తా 95.5 అవుతుంది. సరిచేయకుండా గ్రాఫ్ వేస్తే వేసవి రాగానే అన్ని ఇంజన్లూ చెడిపోతున్నట్టు, చలికాలం రాగానే అన్నీ బాగైపోయినట్టు కనిపిస్తుంది. సరిచేశాక ఒక్క ఇంజన్ మాత్రమే పది సార్టీల్లో మెల్లగా పైకి పోతుంటే కంప్రెసర్ మురికి పట్టిందనో, సీల్ అరిగిందనో చూస్తాం. ఒక్క సార్టీలో మెట్టులా ఎగబాకితే ఏదో విరిగింది, లేదా సెన్సార్. మెట్టు వచ్చిన రోజునే వైబ్రేషన్ కూడా మెట్టు ఎక్కిందేమో చూడాలి. రెండూ కలిసి ఎక్కితే బ్లేడ్ అంచుకి ఏదో తగిలిందని బోరోస్కోప్ (లోపలికి దూర్చి చూసే సన్నని గొట్టం) పెట్టి చూడమంటాను. ఉష్ణోగ్రత ఒక్కటే ఎక్కితే ముందు వైరింగ్ చూడమంటాను.

ఆయిల్ పరీక్షని రికార్డర్ డేటా పక్కన పెట్టి చదవాలి, విడిగా కాదు. ఆయిల్‌లో కలిసిన లోహాన్ని కొలిచే స్పెక్ట్రోమీటర్ సుమారు 10 మైక్రాన్ల కంటే పెద్ద రేణువుల్ని సరిగ్గా చూడలేదు. బేరింగ్ పెద్ద పెంకులుగా రాలుతుంటే ఆయిల్ రిపోర్టు చల్లగా ఉంటుంది, అయస్కాంతపు చిప్ డిటెక్టర్ మీద మాత్రం పెంకులు అంటుకుని ఉంటాయి. ఆయిల్ పోసి నింపిన మర్నాడు ఇనుము తగ్గితే సంతోషించడానికి లేదు, పలచబడింది అంతే.

రాని డేటా

వంద సార్టీల్లో ఆరింటి డేటా పోయిందనుకోండి. వాటికి సున్నా వేస్తే 6 శాతం తక్కువ లెక్క, సగటు వేస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు, ఎందుకంటే డేటా పోవడం యాదృచ్ఛికం కాదు. ఎక్కువ కదలికలున్న సార్టీలోనే మెమరీ నిండిపోతుంది. గట్టిగా దిగినప్పుడే కనెక్టర్ వదులవుతుంది. అంటే పోయినవి సగటు కంటే కఠినమైన సార్టీలు అయ్యే అవకాశం ఎక్కువ. అందుకని అదే మిషన్ కోడ్ కింద ఇంతకుముందు వచ్చిన సార్టీలన్నిటినీ నష్టం వరసలో పేర్చి, 90వ శాతం దగ్గరున్న విలువ, అంటే వందలో తొంభైటికంటే ఎక్కువ ఉన్నది, వేస్తాం. సగం సార్టీ డేటా ఉంటే ఆ సగాన్ని రెట్టింపు చేయం. టేకాఫ్ సగం ఉండి పోరాట సగం పోయి ఉండవచ్చు.

దీనికీ ఖర్చుంది. కార్ట్రిడ్జ్ యూనిట్ పాడైన విమానం మీద నెలంతా 90వ శాతం విలువలే పడి, నిజంగా అలసిపోకుండానే కాగితం మీద ముసలిదైపోతుంది. అలాంటిది చూసినప్పుడల్లా రికార్డర్ మరమ్మతుని రేపటికి వాయిదా వేసేవాళ్ల మీద చిరాకేస్తుంది. ఇలా నింపిన ప్రతి విలువకీ పక్కన గుర్తు పెట్టాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఏది కొలిచిందో ఏది ఊహించిందో ఎవరికీ తెలియదు.

రెయిన్‌ఫ్లోలో మూసుకోని మలుపుల్ని కూడా పారేయకూడదు. ఈ సార్టీలో మిగిలిన శిఖరం వచ్చే వారం ఇంకో సార్టీలోని లోయతో జతకట్టవచ్చు. నేల మీద ఉన్నప్పుడు రెక్క కింది చర్మం కొంచెం నొక్కుడులో ఉంటుంది, అది జీ వరుసలో లేదు, దాన్ని కూడా ఒక లోయగా కలపాలి. ఒక్కో విమానానికి మిగులు ఫైల్ ఒకటి పెట్టి, ప్రతి సార్టీనీ దాని తోకకి అతికించి లెక్క వేస్తాం.

పద్దు

మైనర్ అనే ఇంజనీరు 1945లో చెప్పిన కూడిక ప్రకారం నష్టాలన్నీ కలిపి, పూర్తి విమానం మీద చేసిన ఫెటీగ్ పరీక్ష ఫలితంతో పోల్చి, భద్రత కోసం ఒక భాజకం వేసి, ఆయుష్షులో ఇంత శాతం అయిందని రాస్తాం. బ్రిటిష్ పద్ధతిలో 100 ఫెటీగ్ ఇండెక్స్ అంటే అనుమతించిన ఆయుష్షు అంతా అయిపోయినట్టు. ఈ కూడికకి ఏది ముందు ఏది వెనక అన్న తేడా లేదు. బీట అప్పటికే ఉందనుకుని అది ఎంత పెరిగిందో కట్టే పద్ధతిలో మాత్రం వరుస ముఖ్యం. ఒక పెద్ద లాగుడు తర్వాత బీట కొంతకాలం నెమ్మదిస్తుంది. 1969 డిసెంబరులో అమెరికాలో ఎఫ్-111 ఒకటి సుమారు 100 గంటలకే రెక్క ఊడి కూలింది. రెక్క తిరిగే ఉక్కు కీలులో తయారీనాడే ఉన్న బీట దానికి కారణం. లోపం ఉందనే అనుకుని తనిఖీ వ్యవధులు పెట్టడం అక్కడ ఆ తర్వాతే నియమమైంది.

మా డేటాకి కనిపించనిది సరిగ్గా అదే. 2007 నవంబరులో ఎఫ్-15సి ఒకటి శిక్షణలో గాలిలోనే రెండు ముక్కలైంది. కాక్‌పిట్ దగ్గర బాడీ పొడవునా ఉండే లాంజిరాన్ డ్రాయింగ్‌లో ఉండాల్సినదానికంటే పలచగా ఉంది. జీ ఎంత శుభ్రంగా రికార్డు చేసినా లోహం మందం చెప్పదు. కాబట్టి పద్దులో 40 శాతమే అని ఉంది కదా అని ఎడ్డీ కరెంట్ తనిఖీ (విద్యుత్తుతో లోహంలో బీటలు వెతికే పరీక్ష) దాటేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోను. ఏ విమానాన్ని ముందు చూడాలి, దేన్ని తేలికపాటి సార్టీలకి మళ్లించాలి అన్నంత వరకే ఆ అంకె పనికొస్తుంది.

చివరిగా, నష్టం విమానం పేరు మీద కాదు, భాగం సీరియల్ నంబరు మీద రాయాలి. ఇంజన్ మాడ్యూళ్లు విమానం నుంచి విమానానికి మారతాయి, మాడ్యూల్ లోపలి డిస్క్ ఇంకో మాడ్యూల్‌లోకి పోతుంది, ఒక్కోసారి తోక కూడా మారుతుంది. సీరియల్ ఎక్కించేటప్పుడు సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొడితే పద్దులో కొత్త డిస్క్ ఒకటి పుడుతుంది, సున్నా చక్రాలతో. అసలు డిస్క్ లెక్క అక్కడే ఆగిపోతుంది. నెలకోసారి రెండు సరిచూపులు చేస్తాను: ఒక ఇంజన్‌లోని డిస్క్‌లన్నిటికీ ఈ నెల పడిన గంటలు ఆ ఇంజన్ గంటలతో కలవాలి, ఎగురుతున్న ఇంజన్‌లో ఏ డిస్క్‌కీ గంటలు కదలకుండా ఉండకూడదు. రెండోదాంట్లో ఏదైనా పట్టుబడితే, ఆ ఇంజన్ పక్కన ఎర్ర గుర్తు పెట్టి, స్టోర్స్‌లోని మాడ్యూల్ కార్డు తెప్పించి, డిస్క్ మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం సరిపోల్చాకే తర్వాతి సార్టీ లెక్క ఎక్కిస్తాను.